సున్నా జారిన కొలత

హైడ్రోమీటరు తేలలేదు.

జాడీ నిండా నీళ్ళు పోసి, బ్లాజెనా దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా దింపింది. కింద సీసపు గుళ్ళున్న ఉబ్బు టక్కుమని జాడీ అడుక్కి తగిలింది. పై కాడ, ఇంటికెళ్ళే దారి మర్చిపోయిన తాగుబోతులా, జాడీ గోడకి జారగిలబడి నిలబడిపోయింది.

"దీంతోనే రాదిమ్ కొలిచాడంటారు," అంది బ్లాజెనా.

"దీంతోనే," అన్నాడు కెప్టెన్ హన్జల్. నేలమాళిగ మెట్లమీద చివరి మెట్టు దిగకుండా నిలబడ్డాడు. కిందికి దిగితే బూట్లకి ఈస్టు వాసన పడుతుందని అతని భయం. "మా ప్రయోగశాల వాళ్ళు పరీక్షించారు మేడమ్. నీళ్ళలో ముంచితే సరిగ్గా సున్నా దగ్గర ఆగింది. అంతకన్నా నిజాయితీ గల సాక్షి ఈ జిల్లాలో లేదు."

"మీ వాళ్ళు ఏ జాడీలో ముంచారు?"

"వాళ్ళ జాడీలో."

"అదే మరి. ఇది ఓల్ద్రిఖ్ జాడీ."

తొమ్మిది రోజుల క్రితం ఓల్ద్రిఖ్ వాత్సులీక్ ఈ నేలమాళిగలోనే చనిపోయాడు. రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరయినవాడు. ఊళ్ళో సగం ఇళ్ళలో బీరు కాచుకుంటారు గానీ, ఓల్ద్రిఖ్ బీరుంటే మిగతావాళ్ళు తమది బయటికి తీసేవాళ్ళు కాదు. బాయిలరు పక్కన వెచ్చగా పెట్టిన సీసాల్లోంచి ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. సీసా పేలింది. గాజుముక్క మెడలో దిగింది. అంబులెన్సు వచ్చేసరికి చెప్పుకోవడానికేమీ మిగల్లేదు.

బీరులో చక్కెర మిగిలుండగా సీసాలకెత్తితే, లోపల ఈస్టు తినడం మానదు. తిన్నకొద్దీ గ్యాసు. గ్యాసుకి దారి లేకపోతే గాజు పగులుతుంది. అందుకే సీసాలకెత్తే ముందు హైడ్రోమీటరు ముంచి చూస్తారు. చక్కెర ఎక్కువుంటే అది పైకి తేలుతుంది, తగ్గేకొద్దీ దిగుతుంది. చక్కెర కొలతలో పన్నెండు డిగ్రీల దగ్గర మొదలైన ఓల్ద్రిఖ్ బీరు మూడుకి దిగితే పని అయినట్టు.

ఈసారి ఆ మూడు చూసినవాడు ఓల్ద్రిఖ్ కాదు. అతని కళ్ళకి శుక్లాలొచ్చాయి, ఆ సన్నటి గీతలు కనపడవు. చదివింది అతని స్నేహితుడు రాదిమ్ షెబెలా. రెండిళ్ళ అవతల ఉంటాడు, బస్సు నడుపుతాడు, పద్దెనిమిదేళ్ళుగా ఈ గిన్నెలు అతను కూడా తోమాడు. మూడు రోజులు వరసగా చూశాననీ, మూడు రోజులూ మూడే చూపించిందనీ చెప్పాడు. ఆ తర్వాత నోరు మూసేసుకున్నాడు.

హన్జల్ లెక్క సులువు. కొలత సరైనదైతే బీరు సరైనది. బీరు సరైనదైతే ఆ ఒక్క సీసాలో ఎవరో చక్కెర వేశారు. కిందటి శరదృతువులో జిల్లా పోటీలో ఈ బీరుకే మొదటి బహుమతి వచ్చింది, ఫలకం మీద ఓల్ద్రిఖ్ పేరొక్కటే చెక్కారు. ఆ రాత్రి రాదిమ్ బీరు సత్రంలో, ఇరవైమంది వింటుండగా, ఈ బీరు ఏదో రోజు వాడి మొహం మీదే పేలుతుందన్నాడు. ఇరవైమందీ నవ్వారు. ఇప్పుడు ఆ ఇరవైమందీ సాక్షులు. ఇవాళ సాయంత్రం ప్రాసిక్యూటరు సంతకం పెడితే రాదిమ్ హత్యానేరం మీద జైలుకి పోతాడు.

"వేరే జాడీ వాడుంటాడు," అన్నాడు హన్జల్.

"ఉన్నది ఇదొక్కటే. పద్దెనిమిదేళ్ళ మరక దీనికే ఉంది."

"నీళ్ళలో ఎక్కువ మునుగుతుంది, బీరులో అంత మునగదు. అదేనా మీకు తెలియనిది?"

అతనికి తెలిసిన సంగతులు అరుదుగా పనికొస్తాయి, అదొక్కటే అతని దురదృష్టం. బ్లాజెనా పోలీసులో ఉన్న రోజుల్లో హన్జల్ ఆమె కింద పనిచేశాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా రాసుకుని, దానికి వ్యతిరేకంగా ఆలోచించడం అలవాటు చేసుకున్నాడు. పదోన్నతి అలాగే వచ్చింది.

"మునగదు. కానీ ఆ తేడా చిటికెన వేలి గోరంత," అంది ఆమె. "ఇక్కడ చాలనిది రెండు వేళ్ళు."

గోడ అరలో ఓల్ద్రిఖ్ చేత్తో చెక్కిన కర్రపెట్టె ఉంది. లోపల ఉన్నిబట్ట అతికించి, ఒక్కో సామానుకీ దాని ఆకారంలోనే గుంట తొలిచాడు. థర్మామీటరు గుంటలో థర్మామీటరు పసిపిల్లలా ఒదిగింది. బ్లాజెనా హైడ్రోమీటరుని దాని గుంటలో పెట్టింది. కాడ కొస బయటికి పొడుచుకొచ్చింది. మూత పడలేదు.

హన్జల్ ఆ మూత వంక కాసేపు చూశాడు.

"అయితే ఎవరో మార్చారు," అన్నాడు. "సరే. ఎవరు మార్చినట్టు? నేరం చేసినవాడు. మీరు మీ కక్షిదారు కాళ్ళకి ఇంకో సంకెల వేస్తున్నారు మేడమ్, చూసుకోండి." మెట్లెక్కుతూ, అంత్యక్రియలు పదకొండుకనీ, రెండింటికి సత్రంలో కర్మభోజనమనీ, సూపు బాగుంటుందని విన్నాననీ చెప్పాడు.

బ్లాజెనా దీపం ఆర్పింది. అతనన్నది నిజం. నిజాన్ని హన్జల్ నోట వినడం కన్నా చిరాకు ఇంకోటి లేదు.

పైన వంటింట్లో స్వతవా నల్లకోటు వేసుకుని, దాని మీద ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉంది. మొగుణ్ణి పూడ్చేరోజు కూడా పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. రాదిమ్ ఈ పని చెయ్యడని ఊళ్ళో నమ్మింది ఆవిడొక్కతే. బ్లాజెనాని పిలిపించిందీ ఆవిడే. చనిపోయినవాడి భార్య, చంపాడన్నవాడి తరఫున డిటెక్టివుని పెట్టడం చూసి ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

కాఫీ పోసే ముందు కప్పు మీద కెటిల్లోని మరుగు నీళ్ళు గుమ్మరించింది, చెంచా మీద గుమ్మరించింది, సాసరు మీద గుమ్మరించింది. ఆ తర్వాత కప్పు పట్టుకోవడం బ్లాజెనా బాధ్యత. చేతులు కాల్చుకుంటూ ఆమె అడగవలసినవి అడిగింది.

ఆ సాయంత్రం అంబులెన్సుకి ఫోను చేశాక స్వతవా రెండో ఫోను రాదిమ్‌కే చేసింది. అతను పరుగెత్తుకొచ్చాడు. ఆవిడని పైకి పంపి, తలుపు దగ్గర దారి చూపించడానికి నిలబడమన్నాడు. అంబులెన్సు వచ్చేలోపు ఒక్కసారి ఇంటికెళ్ళొచ్చాడు. గుడ్డలు తెస్తానన్నాడు.

"తెచ్చాడా?"

స్వతవా ఆలోచించింది. "గుడ్డలా... లేదనుకుంటా. కోటు లోపల చెయ్యి పెట్టుకుని వచ్చాడు. చలికేమో."

"ఓల్ద్రిఖ్ హైడ్రోమీటరు మీరు గుర్తుపట్టగలరా?"

"నాకేం తెలుస్తుందండీ. గాజు పుల్ల. లోపల కాగితం చుట్ట. అది ఆయన ప్రాణం. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. కడగడానికి తప్ప నేనూ ముట్టుకోలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకోకుండా కొలాచీల పళ్ళెం మీద గుడ్డ సర్దింది. గసగసాలు పెట్టి తెల్లవారుజామునే కాల్చిన తీపి రొట్టెలు. మిగిలిన సీసాల పెట్టెల్ని నిన్న హన్జల్ వెనక్కిచ్చేశాడనీ, వాటిని సత్రానికి పంపాననీ చెప్పింది. ఓల్ద్రిఖ్ చివరి బీరు. వచ్చినవాళ్ళందరూ తలో గుక్క. "ఆయనకి అదే ఇష్టం. ఆ పిల్లాడు రాదిమ్ కూడా ఉంటే బాగుండేది."

ఆ పిల్లాడికి నలభై ఆరేళ్ళు.

బ్లాజెనా అంత్యక్రియలకి వెళ్ళలేదు. జిల్లా పోలీసు ఆఫీసుకెళ్ళి, హన్జల్ దయతో ఇచ్చిన పావుగంటని రాదిమ్ ఎదురుగా కూర్చుని ఖర్చు పెట్టడం మొదలుపెట్టింది.

రాదిమ్ పెద్ద మనిషి. బల్ల అతనికి పిల్లల బడి బల్లలా ఉంది. ఆమె ఏం అడిగినా తల దించుకుని, చేసినవన్నీ చెప్పేశానన్నాడు. హైడ్రోమీటరు గురించి అడిగితే పోలీసులనడగమన్నాడు. గుడ్డల గురించి అడిగితే గుర్తులేదన్నాడు. పావుగంటలో సగం అలాగే పోయింది. తప్పు చేసినవాళ్ళు ఇంతకన్నా చక్కగా అబద్ధాలు చెబుతారని బ్లాజెనాకి అనుభవం.

"నువ్వూ ఇంట్లో కాస్తావుగా. నీ కొలత జాడీ ఎంత పొడుగు?" అంది.

అతను చేతులు చాపి చూపించాడు. సగంలో ఆపాడు. ఆమె బల్ల మీద, ఓల్ద్రిఖ్ జాడీ ఎంతో, తన చేతులతో చూపించింది. రెండింటికీ మధ్య ఖాళీని ఇద్దరూ చూశారు.

"పద్దెనిమిదేళ్ళు ఆ జాడీ తోమావు. దాంట్లో నీ పుల్ల పట్టదని తోచలేదా?"

"తోచలేదు," అన్నాడు రాదిమ్. చాలా అలసటగా అన్నాడు. "ఆ గదిలో అతను పడున్నాడు. నాకు జాడీ కనపడలేదు."

మార్చినట్టు ఒప్పుకున్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆమె రెండు రకాలుగా అడిగింది. అతను గోడ గడియారం వంక చూశాడు. ఇక లాభం లేదనిపించి, లేస్తూ, ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది:

"సరే. సత్రానికి పోతాను. కర్మభోజనం రెండింటికి. ఓల్ద్రిఖ్ చివరి బీరట, నాకూ ఒక గుక్క పోస్తారేమో."

"ఏ బీరు?"

"మిగిలిన పెట్టెలు. నిన్న తిరిగిచ్చారు. పోలీసు గ్యారేజీలో మంచుగడ్డలై ఉంటాయి. ఫిబ్రవరిలో మంచుగడ్డలెవరు తాగుతారు, పొయ్యి పక్కన పెట్టుంటాడు సత్రం ఆయన."

రాదిమ్ లేచి నిలబడ్డాడు. బల్ల కూడా అతనితో లేచింది. తలుపు దగ్గర కానిస్టేబులు చెయ్యి నడుం మీదికి వెళ్ళింది.

"పారబోశారన్నారు," అన్నాడు రాదిమ్. "అన్నీ పారబోశామని ఆ హన్జలే చెప్పాడు నాకు."

అది హన్జల్ పద్ధతి. ఇక దాచడానికేమీ లేదని ముద్దాయి అనుకుంటే నోరు విప్పుతాడని అతని నమ్మకం. అసలు రెండు సీసాలు మాత్రమే తెరిచాడు. చల్లగా ఉన్నప్పుడు తెరిచాడు కాబట్టి అవి కాస్త పొంగి ఊరుకున్నాయి. మంచి బీరని మెచ్చుకున్నాడు కూడా.

"మేడమ్, వాటిని బయట మంచులో పెట్టించండి. మూత ఎవరూ ముట్టుకోకూడదు. ఎత్తి కూడా చూడకూడదు. ఒక్క సీసా కాదు. అన్నీను."

"కూర్చో. అన్నీ అని నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పాడు. ఆ సాయంత్రం ఓల్ద్రిఖ్ కళ్ళు మూసి, పక్కన కూర్చుని, కొలత తప్పు చదివానా అని తనని తను తిట్టుకుంటూ, హైడ్రోమీటరు తీసి కుళాయి నీళ్ళలో ముంచాడు. ఉత్త నీళ్ళలో సున్నా చూపించాలి. సున్నాకి రెండు గీతలు పైన, ఏ అంకే లేని తెల్లకాగితం దగ్గర ఆగింది. కాడ లోపల అంకెలున్న కాగితం కిందికి జారిపోయి ఉంది. ఎప్పుడు జారిందో తెలీదు. మూడని తను చదివిందల్లా ఐదు. ఐదు డిగ్రీల బీరుని గట్టిగా మూతలు బిగించి, స్నేహితుడి బాయిలరు పక్కన పేర్చాడు.

కొన్నరోజు ఓల్ద్రిఖే నీళ్ళలో ముంచి సున్నా చూశాడు. ఆ తర్వాత, పెళ్ళినాడు చూసిన మొగుడి మొహంలా, దాన్ని మళ్ళీ పరీక్షగా చూసినవాళ్ళు లేరు.

"అయితే నువ్వు నిర్దోషివి. ఆ పుల్ల చూపిస్తే సరిపోయేది. ఎక్కడుంది?"

"పగలగొట్టాను. గాజు చెత్త వేసే డబ్బాలో పడేశాను. మర్నాడు లారీ ఎత్తుకెళ్ళింది."

బ్లాజెనా తన ఉద్యోగంలో సాక్ష్యాలు పోగొట్టిన నేరస్తుల్ని చూసింది. తన ప్రాణం కాపాడే సాక్ష్యాన్ని చెత్తబండి ఎక్కించినవాణ్ణి ఇదే చూడటం.

"కాగితం ఊరికే జారదు," అంది. "జిగురు కరగాలి. వేడి తగలాలి."

రాదిమ్ ఆమెని చూడలేదు.

"మరిగే బీరు కషాయంలో ముంచారా? పద్దెనిమిదేళ్ళుగా కాస్తున్నవాళ్ళు ఆ పని చెయ్యరు. చల్లారాకే ముంచుతారు. మరి ఎవరు..."

ఆమె వేళ్ళు ఇంకా కొద్దిగా మండుతున్నాయి. పొద్దున కప్పు పట్టుకున్న వేళ్ళు.

మురికి బీరుకి శత్రువని ఓల్ద్రిఖ్ గోడ మీద ఎర్రరంగుతో రాసి పెట్టాడు. ఆ ఇంట్లో దాన్ని మనసా వాచా పాటించిన మనిషి ఒకరే.

"స్వతవా వదినకి చెప్పకండి," అన్నాడు రాదిమ్. "నాకు పడితే పదేళ్ళో పన్నెండేళ్ళో. ఆవిడకి తెలిస్తే ఎన్నేళ్ళో మీరే చెప్పండి."

బ్లాజెనా గోడ గడియారం చూసింది. టైము ఒకటీ నలభై.

హన్జల్‌కి ఫోను చేసింది, ఎత్తలేదు. సత్రానికి చేసింది. ఎవరో ఎత్తి, ఓల్ద్రిఖ్‌కి ఇష్టమైన పాట అందరూ పాడుతున్నారు, తర్వాత చెయ్యమని పెట్టేశారు. ఆమె కారు తీసింది. మంచు దారిలో ముప్పావుగంట పట్టింది.

సత్రం లోపల నలభైమంది. సూపు అయిపోయింది. పచ్చపలకల పొయ్యి పక్కన ఐదు పెట్టెలు పేర్చి ఉన్నాయి. బల్లకి రెండేసి సీసాలు, ఇంకా మూతలు తియ్యలేదు. స్వతవా ముందుగా ఒక మాట చెబితే తాగాలని ఆగారు. ఆవిడ చేత్తో పళ్ళెం పట్టుకుని, మాట కోసం వెతుక్కుంటూ నిలబడి ఉంది. జీవితంలో పదిమంది ముందు మాట్లాడి ఎరగదు. అదే వాళ్ళ అదృష్టం.

బ్లాజెనా గుమ్మంలోంచే, ఎవరూ సీసాలు ముట్టుకోకుండా బయటికి రమ్మంది. ఎవరూ కదల్లేదు. ఎవరో, ఆవిడకి సూపు మిగల్లేదని కోపమొచ్చిందన్నారు. హన్జల్ మీసాలు తుడుచుకుంటూ లేచాడు. ఈ బీరు తను స్వయంగా పరీక్షించాననీ, డిటెక్టివు గారికి కావాలంటే ఆవిడ సీసా తనే తెరిచి ఇస్తాననీ చెప్పి, బల్ల మీద సీసా అందుకోబోయాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. పట్టుకోవడం కాదు, బల్లకేసి నొక్కింది.

"చల్లగా ఉన్నప్పుడు తెరిచావు, బతికిపోయావు," అంది. అతన్ని 'మీరు' అనడం ఆ క్షణంలో మర్చిపోయింది. "ఇప్పుడు పొయ్యి పక్కన ఎంతసేపట్నుంచి ఉన్నాయో సత్రం ఆయన్ని అడుగు."

నిన్న రాత్రి నుంచీ, అన్నాడు సత్రం యజమాని. ఆ మాట పూర్తి కాకముందే పొయ్యి పక్కన కింది పెట్టెలో ఏదో తుపాకీలా మోగింది. పెట్టె పలకలు ఉబ్బాయి. పైకప్పు దూలం నుంచి నురగ ధారగా కారింది. తర్వాత ఇంకోటి. అప్పుడు నలభైమందీ, కుర్చీలు తన్నుకుంటూ, కోట్లు వదిలేసి, మంచులోకి పరుగెత్తారు. ఒక ముసలాయన చెవి దగ్గర గీరుకుంది, అంతే. బల్లల మీది సీసాలు బల్లల మీదే ఉండిపోయాయి.

బయట ఊపిర్లు పొగలు కక్కుతున్నాయి. హన్జల్ చొక్కా నిండా నురగ. అతను దాన్ని తుడుచుకోలేదు. ఆలోచిస్తున్నాడు. అది ఎప్పుడూ మంచి సూచన కాదు.

"ఒక్క సీసా కాదన్నమాట," అన్నాడు. "మొత్తం బీరే పచ్చిది. అయితే మూడని చెప్పినవాడు అబద్ధం చెప్పాడు."

"పాత హైడ్రోమీటరు తప్పు చూపించింది. రాదిమ్ చూసింది నిజంగా మూడే."

"ఆ పాతది ఏది?"

చెప్పకుండా ఆగితే ఒక మనిషి జైలుకి పోతాడు. చెప్పినా, చేతిలో గాజుముక్క లేదు. బ్లాజెనా తప్పించుకోగల మూడో దారి కోసం చూసింది. మంచూ, నలభైమంది మొహాలూ తప్ప ఏమీ కనపడలేదు.

స్వతవా వాళ్ళ దగ్గరికొచ్చింది. పళ్ళెం ఇంకా చేతుల్లోనే ఉంది. అంత తోపులాటలోనూ ఒక్క కొలాచీ కింద పడెయ్యలేదు.

"తప్పు చూపించడమేమిటండీ?" అంది. "అది అంత మంచి సామాను. ఎందుకు చెడిపోయింది?"

"పాతబడి," అంది బ్లాజెనా.

"గాజు పాతబడదు మేడమ్," అన్నాడు హన్జల్. పనికొచ్చే సంగతి అతనికి తెలియడం అదే మొదటిసారి. "లోపలి కాగితం జారితే తప్పు చూపిస్తుంది. మా ప్రయోగశాల ఆయన చెప్పాడు, అలా జరిగిందేమోనని మొట్టమొదట అదే చూశారట. మరిగే నీళ్ళలో పెడితే జారుతుందట. ఎవడైనా అంత బుద్ధితక్కువ పని..."

అతను ఆగాడు. స్వతవా తనలో తను చెప్పుకున్నట్టు మాట్లాడుతోంది.

"ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడక చన్నీళ్ళతోనే ఆడించి పెట్టేస్తున్నాడు. అడుగున జిడ్డు. ఆయన నిద్రపోయినప్పుడు నేనే తెచ్చి, కెటిలు నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, మళ్ళీ గుంటలో పెట్టేదాన్ని. ఈ శీతాకాలమంతా. మరుగు నీళ్ళు పోస్తే శుభ్రమే కదండీ..."

చివరి మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ బ్లాజెనా మొహంలోకి చూసింది. అక్కడేం చదివిందో, రాదిమ్ అంత కష్టపడి దాచింది మొత్తం చదివేసింది.

"ఆ పిల్లాడికి తెలుసా?" అంది.

"తెలుసు. అందుకే మార్చాడు. అందుకే పగలగొట్టాడు."

"నోరు మూసుకు కూర్చున్నాడా? నా కోసం?"

బ్లాజెనా తలూపింది. ఊపాక, ఊపకుండా ఉండవలసిందని అర్థమైంది. ఎందుకంటే హన్జల్ కూడా ఆ తలూపుని చూశాడు. అతని మొహంలో నెమ్మదిగా ఒక తృప్తి పరుచుకుంటోంది. వారం రోజులు వెతికిన తాళంచెవి తన జేబులోనే దొరికినవాడి తృప్తి.

"నా దగ్గర అన్నీ ఉన్నాయి మేడమ్," అన్నాడు. ఎత్తిపొడుపు కూడా లేదు గొంతులో. "సీసాలున్నాయి. అబద్ధపు కొలత ఉంది. సామాను మార్చినట్టు పొద్దున మీరే నిరూపించారు. లేనిదల్లా కారణం. బహుమతి ఫలకం కోసం మనిషిని చంపాడంటే ప్రాసిక్యూటరు నన్ను చూసి నవ్వాడు. ఇప్పుడు నవ్వడు. స్నేహితుడి పెళ్ళాం కోసం పన్నెండేళ్ళు జైల్లో ఉంటాననే మగవాడు ఊరికే ఉంటాడా?"

"వదిన అంటాడు ఆవిడని."

"అందరూ అంటారు." హన్జల్ స్వతవా వైపు తిరిగాడు. "కొలత చెడగొట్టింది మీరు. చదివింది అతను. చచ్చిపోయింది మీ మొగుడు. డిటెక్టివుని పెట్టి అతన్ని విడిపించాలని చూసిందీ మీరే. స్వతవా గారూ, కారు ఎక్కండి."

చుట్టూ నలభైమంది. పొద్దున సమాధి మీద తలా గుప్పెడు మన్ను వేసినవాళ్ళు. బ్లాజెనా వాళ్ళ మొహాల్లో ఒక్కటైనా కాదంటుందేమోనని చూసింది. బుగ్గలు నొక్కుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఈ ఆలోచన తమకి ముందే వచ్చిందన్నట్టు.

"గాజుముక్క ఒక్కటి దొరికితే..." అంది బ్లాజెనా.

"దొరికితే తెండి," అన్నాడు హన్జల్. ఆ గాజు ఈపాటికి ఎక్కడో కొలిమిలో కరిగి ఇంకెవరి సీసాగానో మారి ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

స్వతవా వాదించలేదు. పళ్ళెం బ్లాజెనా చేతుల్లో పెట్టింది. పళ్ళెం బ్లాజెనా చేతుల్లో పెట్టింది.

"వీళ్ళకి పంచండి. ఆయన పేరు మీద చేసినవి," అంది. తర్వాత, తనకి తనే లెక్క చెప్పుకుంటున్నట్టు: "కాచిన నీళ్ళేగా పోశాను."

కారు తలుపు మూసుకుంది. బ్లాజెనా పళ్ళెం పట్టుకుని మంచులో నిలబడింది. కొలాచీలు తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. సత్రం లోపల, ఎవరూ లేని బల్ల మీద, మరో సీసా పేలింది.

ఈసారి ఎవరూ తిరిగి చూడలేదు. అందరూ వెళ్ళిపోతున్న కారునే చూస్తున్నారు.